అర డాలరుకు నది మొత్తం

ఆస్ట్రేలియా వెళ్ళే మనవాళ్ళకు బ్రిస్బేన్ ఒక మజిలీ. సింగపూర్ మీదుగా వచ్చి దిగుతారు, ఒక పూట నిద్రపోతారు, తెల్లారేసరికి దక్షిణాన గోల్డ్ కోస్ట్ థీమ్ పార్కులకో, ఉత్తరాన పగడపు దిబ్బల వైపో వెళ్ళిపోతారు. వాళ్ళను అని లాభం లేదు. సిడ్నీకి ఉన్నట్టు ఈ ఊరికి పోస్టుకార్డు మీద వేసుకునే బొమ్మంటూ లేదు. ఉన్నదల్లా ఒక నది. అదీ చూడగానే ముచ్చటపడే నది కాదు. ఏడాది పొడుగునా బురద రంగులోనే ఉంటుంది. ఊరివాళ్ళే దాన్ని ‘గోధుమరంగు పాము’ అని వేళాకోళం చేస్తారు. తిన్నగా పోవడం చేతకాని నది అది. ఊళ్ళోకి వచ్చాక ఎన్ని వంకర్లు తిరుగుతుందంటే, ఎడమ చేతి వైపు కనిపించిన గోపురమే కాసేపటికి కుడి చేతి వైపు కనిపిస్తుంది.

నేను చెప్పగలిగిన సలహా ఒకటే. బ్రిస్బేన్ చూడాలంటే టాక్సీ మాట మరిచిపోయి పడవెక్కండి. చూడదగ్గవాటిలో ముప్పాతిక వంతు ఏదో ఒక రేవులో దిగి కాస్త నడిస్తే వచ్చేస్తాయి.

ఆ పడవల పేరు సిటీక్యాట్. 1996 నుంచి తిరుగుతున్నాయి. ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, కూరగాయల సంచులతో ముసలమ్మలు ఎక్కే మామూలు సిటీ సర్వీసు ఇది, టూరిస్టుల కోసం పెట్టింది కాదు. 2024 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం బస్సు, రైలు, పడవ అన్నింటికీ ఒకటే టిక్కెట్టు పెట్టింది: 50 సెంట్లు. మొదట ఆర్నెల్లకని మొదలుపెట్టి, తర్వాత దాన్నే ఖాయం చేశారు. మన డబ్బులో ముప్పై రూపాయల దరిదాపు. అదే రేవులో టూరిస్టు క్రూయిజ్ కౌంటర్లూ ఉంటాయి. వాటి ధరలు చదివి నవ్వుకుని ముందుకు నడవండి. బ్యాంకు కార్డు మెషీనుకు తాకించి ఎక్కాలి, దిగేటప్పుడు మళ్ళీ తాకించాలి. లోపల ఏసీలో కూర్చునేవాళ్ళను కూర్చోనిచ్చి మీరు ముందున్న తెరిచిన డెక్ మీదికి వెళ్ళండి. టోపీకి తాడు కట్టుకోండి.

మా అక్క కూతురు సెయింట్ లూసియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో చదువుతోంది. సిటీక్యాట్ మొదలయ్యేదీ అక్కడే. నది వంపులో మూడు పక్కలా నీళ్ళున్న క్యాంపస్, మధ్యలో ఇసుకరాతి కమానుల ప్రాంగణం. అక్కడినుంచి నార్త్‌షోర్ హామిల్టన్ దాకా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి ఎక్కడా దిగకుండా పోయి రావాలి. మళ్ళీ ఎక్కినప్పుడు ఒక్కో రేవులో దిగొచ్చు.

కాసేపట్లో రెగట్టా అనే రేవు వస్తుంది. ఒడ్డునే ఇనుప జాలీల వరండాలతో మూడంతస్తుల పాత హోటలు కనిపిస్తుంది. 1965 మార్చి 31న మెర్ల్ థోర్న్‌టన్, రోసలీ బోగ్నర్ అనే ఇద్దరు స్త్రీలు ఈ హోటలు బార్‌లోకి వచ్చి కౌంటరు కింద ఉన్న కడ్డీకి గొలుసుతో తమను తాము కట్టేసుకున్నారు. అప్పట్లో క్వీన్స్‌లాండ్‌లో పబ్లిక్ బార్‌లో ఆడవాళ్ళకు మందు పోయకూడదని చట్టం. అది మారడానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది.

“ఇప్పుడు అక్కడ సగం మంది అమ్మాయిలే మావయ్యా,” అంది మా మేనకోడలు.

“నువ్వూ వెళ్తావా?”

“నిమ్మకాయ సోడాకి,” అంది. నేను ఇంకేమీ అడగలేదు.

రెగట్టా దాటాక ఒడ్డంతా సిమెంటు స్తంభాలు, వాటి మీద హైవే. 1970లలో కట్టింది. కార్లు వేగంగా పోవాలంటే నది ఒడ్డు కంటే ఖాళీ జాగా ఎక్కడుంటుందని ఆనాటి ఇంజనీర్లు అనుకున్నట్టుంది. అప్పటికి నదంటే సరుకు దించే రేవులు, గోడౌన్లు, మురుగు కాల్వలు. ఊరు దానికి వీపు పెట్టి కూర్చుంది. ఇటు తిరిగి కూర్చున్నది 1988లో. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అవతలి ఒడ్డున వరల్డ్ ఎక్స్‌పో జరిగింది. ఆర్నెల్లపాటు జనం రాత్రింబగళ్ళు నది ఒడ్డున తిరగడానికి అలవాటు పడ్డారు. ఎక్స్‌పో అయిపోయాక ఆ స్థలాన్ని బిల్డర్లకు అప్పగించే ఆలోచన వస్తే ఊరు ఒప్పుకోలేదు. 1992లో అది సౌత్ బ్యాంక్ పార్కు అయింది.

సౌత్ బ్యాంక్‌లో సముద్రం లేని బీచ్ ఉంది. నదికి కాస్త ఎడంగా కృత్రిమ మడుగు, దాని చుట్టూ తెచ్చి పోసిన ఇసుక, కాపలాకు లైఫ్‌గార్డులు. ప్రవేశం ఉచితం. మొదట చూస్తే ఇదేం వెర్రి అనిపిస్తుంది. పక్కనే నది పెట్టుకుని మడుగు ఎందుకంటే, ఈ నదిలో బుల్ షార్కులు ఉన్నాయి. ఇవి ఉప్పునీళ్ళలోనూ మంచినీళ్ళలోనూ బతికే సొరచేపలు. సముద్రపు పోటు ఊరు దాటి చాలా దూరం నది లోపలికి ఎక్కుతుంది, దానితోపాటు ఇవీ వస్తాయి. ఆ సంగతి తెలిశాక మడుగు మీద గౌరవం పెరిగింది. బీచ్‌కు కాస్త దూరంలో చెట్ల చాటున చెక్కతో చెక్కిన నేపాలీ పగోడా ఉంటుంది. ఎక్స్‌పోకు నేపాల్ తెచ్చిన మంటపం అది. అన్ని దేశాల మంటపాలూ విప్పి తీసుకుపోతుంటే ఊరివాళ్ళు సంతకాలు సేకరించి దీన్ని మాత్రం ఇక్కడే నిలుపుకున్నారు. అక్కడ కూర్చున్న అరగంటలో ఒక్కరూ సెల్ఫీ తీసుకోలేదు.

పార్కు చివరన వరసగా మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ, రాష్ట్ర గ్రంథాలయం, 2006లో తెరిచిన ఆధునిక కళల గ్యాలరీ ఉంటాయి. గ్యాలరీలకు మామూలు రోజుల్లో టిక్కెట్టు లేదు. ఆర్ట్ గ్యాలరీలో నేను వెతుక్కుంటూ వెళ్ళిన బొమ్మ ఒకటే: గాడ్‌ఫ్రే రివర్స్ 1903లో వేసిన ‘అండర్ ది జాకరండా’. ఊదారంగు పూల చెట్టు కింద చిత్రకారుడూ భార్యా టీ తాగుతుంటారు. అది నిజంగా ఉండిన చెట్టే. 1864లో వాల్టర్ హిల్ అనే తోటల అధికారి అవతలి ఒడ్డున బొటానిక్ గార్డెన్స్‌లో నాటాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క సంతానం ఇవాళ ఊరంతా వ్యాపించింది. అక్టోబరు, నవంబరు నెలల్లో వీధులకు వీధులే ఊదారంగుకు మారతాయి. యూనివర్సిటీ పిల్లలకు మాత్రం ఆ పూలంటే గుండె దడ. సరిగ్గా పరీక్షలప్పుడే పూస్తాయి.

ఇక ఇక్కడి ఇళ్ళు. మా మేనకోడలు ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి వెస్ట్ ఎండ్‌లో అద్దెకుంటున్న ఇల్లు వందేళ్ళ నాటిది. చెక్క గోడలు, రేకు కప్పు, మూడువైపులా వరండా, మొత్తం ఇల్లు మనిషెత్తు గుంజల మీద నిలబడి ఉంటుంది. ఇటువంటి ఇళ్ళను క్వీన్స్‌లాండర్ అనే పిలుస్తారు. కింద గాలి ఆడుతుంది, చెదలు పడితే కనిపిస్తుంది, బట్టలు ఆరేసుకోవచ్చు, సైకిళ్ళు పెట్టుకోవచ్చు. ఇంకొకటి కూడా ఉందని ఆ అమ్మాయి వంగి ఒక గుంజ చూపించింది. దాని మీద రంగుతో రెండు గీతలు. పై గీత పక్కన 2011, కింది గీత పక్కన 2022.

నేను గోదావరి వాణ్ణి. వరద అనగానే మాకు అంకెలే గుర్తొస్తాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని చిన్నప్పట్నుంచీ రేడియోలో విని పెరిగినవాళ్ళం. ఇక్కడివాళ్ళకూ అలాంటి ఎక్కం ఒకటుంది, మీటర్లలో. 1893లో 8.35. 1974లో 5.45. 2011లో 4.46. 2022లో 3.85. ఊరి మధ్యలో ఉన్న కొలబద్ద చూపించిన మట్టాలివి. టీ కొట్లో పక్కన కూర్చున్న పెద్దాయన్ని కదిపితే వీటిలో కనీసం రెండు తడుముకోకుండా చెబుతాడు, దాని వెంటే తనప్పుడు ఎక్కడున్నాడో చెబుతాడు.

1893 ఫిబ్రవరి అన్నింటికంటే ఘోరం. ఒకే నెలలో మూడుసార్లు నది పొంగింది. ఊరి రెండు ఒడ్లనూ కలిపే విక్టోరియా వంతెన కొట్టుకుపోయింది, ఎగువన రైలు వంతెనా పోయింది. పలూమా అనే యుద్ధనౌకను మొదటి వరద ఎత్తుకెళ్ళి బొటానిక్ గార్డెన్స్ పచ్చిక మీద దించేసింది. వరద తీశాక దాన్ని మళ్ళీ నీళ్ళలోకి ఎలా దింపాలా అని తలలు పట్టుకున్నారట. ఈలోగా ఆ నెలలోనే మరో వరద వచ్చి దానంతటదే తేల్చి తీసుకుపోయింది. నాకు తెలిసి ఇంత మర్యాదగా ప్రవర్తించిన వరద ఇంకొకటి లేదు.

1974 జనవరి వరద తర్వాత ఎగువన వివెన్‌హో అనే పెద్ద డ్యామ్ కట్టారు. ఇక భయం లేదనుకున్నారు. నది అంచుల దాకా ఇళ్ళు లేచాయి. డ్యామ్ కట్టిన ప్రతిచోటా ఈ ధీమా వస్తుంది, మనకూ తెలుసు. 2011 జనవరిలో ఆ ధీమా మునిగింది. న్యూ ఫార్మ్ దగ్గర నీటి మీద తేలేటట్టు కట్టిన నడకదారి తెగిపోయి, పెద్ద సిమెంటు ముక్క ప్రవాహంలో పడి కిందికి దూసుకుపోతుంటే, ఒక టగ్ బోటు నడిపేవాళ్ళు దాన్ని పక్కనుంచి నెడుతూ గేట్‌వే వంతెన స్తంభాలకు తగలకుండా సముద్రం వైపు తోలేశారు. నీళ్ళు తీశాక వేలమంది చీపుళ్ళూ పారలూ పట్టుకుని బస్సుల్లో వచ్చి ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళలో బురద ఎత్తిపోశారు. వాళ్ళకు ‘మడ్ ఆర్మీ’ అని పేరొచ్చింది. డ్యామ్ గేట్లు ముందే ఎందుకు ఎత్తలేదన్న వివాదం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది. 2022 ఫిబ్రవరి చివర్లో మూడు రోజుల్లోనే 670 మిల్లీమీటర్లు దాటి వాన కురిసి మళ్ళీ వీధులు మునిగాయి. అదే ఏడాది జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ ఏడాది నదులకు ఏమైందో మరి.

తెగిపోయిన నడకదారి స్థానంలో 2014లో కొత్తది కట్టారు. ఈసారి తేలేది కాదు, నది గర్భంలో దిగేసిన స్తంభాల మీద నిలిచేది. సాయంత్రం నాలుగున్నర తర్వాత న్యూ ఫార్మ్ నుంచి దీని మీదుగా స్టోరీ బ్రిడ్జి వైపు నడవండి. ఈ ప్రయాణంలో ఒక్క నడకే నడవగలిగితే అది ఇదే. ఎదురుగా ఉక్కు కమ్మీల వంతెన పెద్దదవుతూ వస్తుంది. 1940లో తెరిచిన ఈ వంతెనకు ఇంజనీరు జాన్ బ్రాడ్‌ఫీల్డ్, సిడ్నీ హార్బర్ వంతెన వెనక ఉన్నవాడే. డబ్బు కట్టి నడుముకు తాళ్ళు బిగించుకుని వంతెన నెత్తి మీదికి ఎక్కేవాళ్ళూ ఉన్నారు. నేను కింద హోవర్డ్ స్మిత్ వార్వ్స్ అనే పాత రేవులో కూర్చుని వాళ్ళను చూశాను. అవతలి ఒడ్డున కంగారూ పాయింట్ కొండచరియ. సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందట పడిన అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి. ఖైదీల కాలం నుంచి దాన్ని తొలిచి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు రాత్రిళ్ళు లైట్లు వేస్తే పిల్లలు బల్లుల్లా దాని మీద పాకుతుంటారు.

ఖైదీల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ నది తెల్లవాళ్ళకు దొరకడమే ఒక తమాషా. 1823లో దేవదారు కలప కోసం సిడ్నీ నుంచి దక్షిణానికి పడవలో బయల్దేరిన కొందరిని తుపాను ఉత్తరానికి వందల మైళ్ళు విసిరేసింది. ఒకడు చనిపోయాడు. మిగిలిన ముగ్గురు తాము సిడ్నీకి దక్షిణాన ఉన్నామనుకుని, ఇల్లు చేరడానికి ఇంకా ఉత్తరానికే నడవడం మొదలుపెట్టారు. అడ్డంగా ఈ మహానది తగిలింది. నెలల తరబడి వాళ్ళకు తిండీ నీడా ఇచ్చింది ఇక్కడి ఆదివాసులు. ఆ ఏడాది చివర్లో సర్వేయర్ జాన్ ఆక్స్‌లీ ఓడలో వస్తే వీళ్ళే నది దారి చెప్పారు. కనుక్కున్నవాడిగా పేరు మాత్రం ఆక్స్‌లీకి దక్కింది. ఆదివాసులకు అప్పటికే అది మైవార్. ఊరున్న చోటు మియాంజిన్.

1825లో ఇక్కడ శిక్షాశిబిరం వెలిసింది. సిడ్నీలో ఉండగా మళ్ళీ నేరం చేసినవాళ్ళను తోలే చోటు. ఆ కాలం భవనాలు ఊళ్ళో రెండే మిగిలాయి: నది ఒడ్డున కమిసరియట్ స్టోర్, స్ప్రింగ్ హిల్ మీద 1828 నాటి గాలిమర. మర రెక్కలు ఎప్పుడో పోయాయి. గాలి లేనప్పుడు ఖైదీల చేత మెట్ల చక్రం తొక్కించి మొక్కజొన్న విసిరించేవారు. 1841లో ఇద్దరు ఆదివాసులను ఈ మర దగ్గరే ఉరితీశారు. 1934లో ఇదే కట్టడం నుంచి టెలివిజన్ ప్రసార ప్రయోగాలు చేశారు. ఇన్ని చూసిన మర చుట్టూ ఇప్పుడు ఆఫీసులవాళ్ళు మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తింటూ కూర్చుంటారు. ఆ చరిత్ర వీధి పేర్లలోనూ ఉంది. వెస్ట్ ఎండ్‌లో మా మేనకోడలు కూరగాయలు కొనే బజారు పేరు బౌండరీ స్ట్రీట్. సాయంత్రమయ్యాకా, ఆదివారాలూ ఆదివాసులు దాటి రాకూడదని గీసిన సరిహద్దు. వీధికి ఆ పేరు ఇంకా అలాగే ఉంది.

బొటానిక్ గార్డెన్స్‌ను తీరిగ్గా చూడాలి. ఖైదీల కోసం కూరగాయలు పండించిన పెరడు ఇది. మడ చెట్ల మీదుగా చెక్క దారి, మన మర్రికి దాయాదులైన మోర్టన్ బే ఫిగ్ మహావృక్షాలు ఉన్నాయి. ఇంతా చేసి అక్కడ నా చూపు ఆగింది ఒక మామూలు మకడామియా చెట్టు దగ్గర. 1858లో వాల్టర్ హిల్ నాటాడు. మనిషి చేత్తో నాటిన మొదటి మకడామియా ఇదేనంటారు. గింజ పగలగొట్టమని కుర్రాడికి ఇస్తే వాడు కొన్ని తినేశాడట. విషమనుకున్న హిల్ వాడికేసి భయంగా చూస్తూ కూర్చున్నాడట. వాడేమో ఇంకాసిని అడిగాడట. ఇవాళ మన సూపర్ మార్కెట్లలో డబ్బాల్లో అమ్మే ఆ గింజ పుట్టిల్లు ఈ ప్రాంతమే.

తినే విషయాల్లో శాకాహారులకు ఇబ్బంది లేదు, కాఫీ ఎక్కడైనా బాగుంటుంది. బేకరీల్లో లామింగ్టన్ అనే కేకు కనిపిస్తుంది. చాక్లెట్‌లో ముంచి కొబ్బరి పొడిలో దొర్లించిన చదరపు ముక్క. గుడ్డు ఉంటుంది, అడిగి తినండి. దానికా పేరు 1896 నుంచి 1901 దాకా క్వీన్స్‌లాండ్ గవర్నరుగా ఉన్న లార్డ్ లామింగ్టన్ వల్ల వచ్చిందంటారు. ఆయనే తర్వాత బొంబాయి గవర్నరయ్యాడు. ముంబైలో మనవాళ్ళు ఎలక్ట్రానిక్ సామాన్ల కోసం తిరిగే లామింగ్టన్ రోడ్డు ఆయన పేరు మీదిదే. 1940 మార్చిలో లండన్ కాక్స్‌టన్ హాల్లో ఉధమ్ సింగ్ మైకేల్ ఓడ్వయర్‌ను కాల్చిచంపినప్పుడు వేదిక మీదున్న ఈ పెద్దమనిషి చేతికీ తూటా తగిలింది. బ్రిస్బేన్‌లో కొబ్బరి కేకు తింటూ జలియన్‌వాలాబాగ్ గుర్తొస్తుందని ఎవరనుకుంటారు?

కోలాలను చూడాలంటే 1927 నుంచి నడుస్తున్న లోన్ పైన్ శాంక్చువరీకి వెళ్ళాలి. వాటిని ఎత్తుకుని ఫోటో దిగడం 2024లో ఆపేశారు, మంచిపనే చేశారు. రోజులో ముప్పాతిక భాగం నిద్రపోయే జీవాన్ని చేతులు మార్చడమేమిటి? మౌంట్ కూథా కొండ మీదినుంచి ఊరంతా కనిపిస్తుంది. బస్సు పోతుంది, సూర్యాస్తమయానికి జనం ఎక్కువ. సిటీ హాల్ గడియార గోపురం పైకి పాతకాలపు లిఫ్టులో ఉచితంగా తీసుకెళ్తారు. చిన్నపిల్లలు వెంట ఉంటే ‘బ్లూయీ’ కార్టూన్ పుట్టింది ఇక్కడేనని చెప్పండి, మిగతా ప్రోగ్రాం వాళ్ళే వేసుకుంటారు.

చివరగా గాబా. వులూంగాబా అనే పేటలో ఉన్న క్రికెట్ మైదానం. 1988 తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఆస్ట్రేలియా ఇక్కడ ఒక్క టెస్టూ ఓడలేదు. 2021 జనవరి 19న సగం మంది గాయాలతో కూర్చున్న మన జట్టు 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. పంత్ అజేయంగా చేసిన 89 అందరికీ గుర్తుంది. దానికి ముందు రోజు రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసిన హైదరాబాదు కుర్రాణ్ణి మనవాళ్ళం ఇంకాస్త గట్టిగా తలుచుకోవాలి. మొహమ్మద్ సిరాజ్ తండ్రి ఆటో నడిపి కొడుకును ఆడించాడు. జట్టు ఆస్ట్రేలియాలో దిగిన కొద్దిరోజులకే ఆయన పోయాడు. కోవిడ్ క్వారంటైన్ మధ్యలో సిరాజ్ ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయి ఆ సిరీస్‌లోనే టెస్టుల్లో అడుగుపెట్టాడు. నేను వెళ్ళినప్పుడు మ్యాచేదీ లేదు. గేటు బయట నిలబడి ఏ కొస నుంచి బౌలింగ్ చేసి ఉంటాడా అని కాసేపు లెక్కలు వేశాను. మా మేనకోడలికి క్రికెట్ పట్టదు, ఫోన్ చూసుకుంటూ నించుంది.

2032 ఒలింపిక్స్ ఈ ఊళ్ళోనే. వాటి కోసం విక్టోరియా పార్కులో 63,000 మంది పట్టే కొత్త స్టేడియం కట్టాలని నిర్ణయించారు. పార్కు పోతుందని గోల చేసేవాళ్ళు గోల చేస్తున్నారు. ఆటలయ్యాక గాబాను పడగొట్టి ఆ జాగాలో ఇళ్ళు కడతారట. కాబట్టి క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు ఏ డిసెంబరులో టెస్టు మ్యాచ్ ఉందో చూసుకుని వెళ్ళండి. ఎండ మండిపోతుంది, వానా పడొచ్చు, కానీ అది ఇక్కడ మామిడిపళ్ళ కాలం. రాత్రి మ్యాచ్ నుంచి ఇల్లు చేరడానికీ అదే 50 సెంట్లు.